విశ్వేశ్వరయ్య గేటు ఎలా తెరుచుకునేది?

సెప్టెంబరు 15 దగ్గర పడుతోందంటే మన బడుల్లో తలపాగా కోసం వెతుకులాట మొదలవుతుంది. మైసూరు పేటా, నల్లకోటు, చేతికర్ర దొరికితే చాలు, ఒక పిల్లవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య అయిపోతాడు. రెండు కొవ్వొత్తుల కథ, రైలు పట్టా కథ చెప్పించి చప్పట్లు కొట్టిస్తాం. ఆ కథల్లో నిజమెంతో తేల్చే పని ఇక్కడ పెట్టుకోం. కానీ ఆయన చేసిన పని ఏమిటని అడిగితే పిల్లలు ఆనకట్ట కట్టారని చెప్పి ఆగిపోతారు. దేనితో కట్టారు, ఎలా కట్టారు, ఏ చిక్కు వచ్చింది అన్నది వాళ్లకు చెప్పనిది మనమే. ఈసారి అది చెబుదామని మా ప్రయత్నం.

ఆయన పుట్టింది మనకు దగ్గరలోనే, చిక్కబళ్లాపురం వైపు నందికొండల నీడన ఉన్న ముద్దేనహళ్లిలో. ఇంటిపేరులో ఉన్న మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి వచ్చిన తెలుగువారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, చదువుకు ఇంగ్లీషు. మన పిల్లల పరిస్థితి ఈనాటికీ ఇదే కదా! తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. హైస్కూలు వయసులోనే ఆయన పోయారు. బెంగళూరులో మేనమామ ఆదుకున్నా ఖర్చులకు చాలక, కుర్రవాడు ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి ఆ డబ్బుతో సెంట్రల్ కాలేజీలో చదివాడు. 1881లో బీఏ అయింది. తర్వాత మైసూరు ప్రభుత్వ ఉపకారవేతనంతో పుణెలో ఇంజినీరింగు చదివి, 1884లో బొంబాయి రాష్ట్ర ప్రజాపనుల శాఖలో చేరారు. అక్కడ కొలువు చేసిన సుమారు పాతికేళ్లలో ఎన్నో పనులు ఉన్నాయి. పిల్లలకు చెప్పడానికి మేము ఒక్కదాన్నే ఎంచుకుంటాం.

పుణె దగ్గర ఖడక్‌వాస్లా చెరువు. ఊరికి, పొలాలకు నీళ్లు చాలడం లేదు. ఉన్న కట్టను ఎత్తు చేయాలంటే పెద్ద ఖర్చు. అదనపు నీరు పోయే కలుజు మీద గోడ లేపితే నీళ్లు నిలుస్తాయి, నిజమే, కానీ వరద వచ్చినప్పుడు పోవడానికి దారి ఉండదు, కట్టకే ముప్పు. మనుషులు ఎత్తి దించే గేట్లు పెడితే అర్ధరాత్రి వరద వచ్చినప్పుడు ఎవరు లేచి తీయాలి? అందుకని వరదే వచ్చి తెరుచుకునే గేట్లను ఆయన రూపొందించారు. గేట్లకు గొలుసులు కట్టి, కప్పీల మీదుగా పక్కనున్న నూతిలో వేలాడే బరువుకు కలిపారు. మామూలుగా ఆ బరువు గేట్లను మూసి ఉంచుతుంది. చెరువులో నీరు నిండుమట్టం దాటగానే కొంత నీరు నూతిలోకి వస్తుంది. బరువు నీళ్లలో మునిగి తేలికవుతుంది. తూకం అటు మారి గేట్లు తెరుచుకుంటాయి. వరద తగ్గితే నూతి ఖాళీ అవుతుంది, బరువుకు బరువు తిరిగి వస్తుంది, గేట్లు మూసుకుంటాయి.

దీన్ని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేకంటే, నిండు బకెట్టును నూతి నీళ్లలో ఉండగా లాగి, నీళ్లు దాటాక లాగి చూడమంటే పిల్లలకు క్షణంలో అర్థమవుతుంది. బెంగళూరులో నూతులు ఎక్కడున్నాయంటారా? తొట్టి చాలు. 1903లో అమర్చిన ఈ గేట్లతో ఆ చెరువు మట్టం సుమారు 8 అడుగులు పెరిగింది. పేటెంటు తీసుకున్నా, జీతం తీసుకుంటూ చేసిన పని కనుక ప్రభుత్వం నుంచి రాయల్టీ తీసుకోనన్నారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. అప్పటికి ఉద్యోగం వదిలి విదేశాల్లో ఉన్న ఆయనను నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఊళ్లో గోడలు కట్టడంతో సరిపెట్టక, వరదను ఊరికి ఎగువనే నిలపాలని ఆయన చెప్పారు. తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలితాలే.

1909లో మైసూరు చీఫ్ ఇంజినీరుగా వచ్చారు. ఇక్కడి చిక్కు వేరు. 1902 నుంచే శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు సుమారు 90 మైళ్ల దూరంలోని కోలారు బంగారు గనులకు వెళ్లేది. 1905లో బెంగళూరు వీధిదీపాలు వెలిగింది కూడా దానితోనే. అయితే వేసవిలో కావేరి సన్నబడితే కరెంటూ సన్నబడేది. కన్నంబాడి దగ్గర నీరు నిలిపి, ఏడాదంతా సమంగా వదిలితే గనులకు కరెంటు, మండ్య మెట్టభూములకు నీరు రెండూ అందుతాయి. గనులు కట్టే డబ్బు ఆనకట్ట ఖర్చుకు ఆసరా అవుతుంది. ఖర్చుకు జంకిన వాళ్లను ఒప్పించడంలో ఈ కరెంటు లెక్క పెద్ద ఆయుధం. కోలారు గనుల్లో చెమటోడ్చిన వాళ్లలో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారని పిల్లలకు ఇక్కడే చెప్పవచ్చు.

1911లో పని మొదలైంది. సిమెంటు చాలావరకు ఓడల్లో రావలసిన రోజులు. అంత కొంటే ఖజానా ఖాళీ. వట్టి సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, నీటి అడుగున గట్టిపడదు. కాల్చిన మట్టిని, ఇటుకను పొడిచేసి సున్నంలో కలిపితే ఆ పొడిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి తడిలో కూడా రాయిలా బిగుస్తాయి. దీన్నే సుర్కీ అంటారు. మన తాతల కాలం మేస్త్రీలకు తెలిసిన విద్యే. సుమారు 130 అడుగుల ఎత్తు, 8,600 అడుగుల పొడవు ఉన్న కృష్ణరాజసాగర్ ఆ గచ్చుతో నిలబడింది. ఖడక్‌వాస్లా తరహా గేట్లు ఇక్కడికీ వచ్చాయి.

తగాదాలు లేకుండా ఏమీ జరగలేదు. దిగువన ఉన్న మద్రాసు ప్రభుత్వం తక్కువ నీరు నిలిపేందుకే ఒప్పుకుంది. మైసూరు మాత్రం మొదట అనుకున్న పూర్తి ఎత్తుకు సరిపడా పునాది వేసింది. ఇంజినీరుగా చూస్తే దూరదృష్టి, పొరుగువాడిగా చూస్తే మాట దాటడం. ఒప్పందం 1924లో గానీ కుదరలేదు. కావేరి పేరు వినగానే మన వీధుల్లో వేడి ఎందుకు పుడుతుందో ఆ పాత పునాదిలో కొంత జవాబుంది. కన్నంబాడి ఊరు నీళ్లలో మునిగిందని కూడా చెప్పకుండా దాటవేయకూడదు.

1912 నుంచి 1918 దాకా ఆయన దివాను. 1913లో నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరు ఇంజినీరింగు కాలేజీ ఆ కాలానివే. అదే కాలంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు వాటా ఉండాలన్న కోరిక బలపడింది. మహారాజు ఆ విషయం పరిశీలించడానికి మిల్లర్ కమిటీని వేశారు. అర్హతే కొలబద్దగా ఉండాలన్నది విశ్వేశ్వరయ్య పట్టు. 1918 చివర దివాను పదవి వదిలేశారు. ఈ సంగతి మన వేదికల మీద వినిపించదు. మేము చెప్పాలనే అంటాం. ఇంట్లో సంస్కృత పండితుడైన తండ్రి, ఊళ్లో మేనమామ ఉన్న పేద పిల్లవాడికీ, ఆ రెండూ లేని పేద పిల్లవాడికీ అర్హత ఒకే దూరంలో ఉండదు. రాయి మీద నీటి ఒత్తిడిని అంత చక్కగా లెక్క కట్టిన మనిషి ఈ లెక్కలో ఒక అంకె వదిలేశారని మాకు అనిపిస్తుంది. అల్పసంఖ్యాక భాషా బడుల్లో పనిచేసే మనకు ఆ అంకె రోజూ తరగతి గదిలో ఎదురవుతుంది.

భద్రావతి ఇనుము కర్మాగారం మరో పరీక్ష. బాబాబుడన్ కొండల్లో ఖనిజం ఉంది, దాన్ని కరిగించే నేలబొగ్గు మైసూరులో లేదు. అడవి కట్టెను కాల్చి బొగ్గు చేసి, ఆ పొగలోంచి మిథైల్ ఆల్కహాలు, తారు కూడా తీసి అమ్మాలన్నది పథకం. 1923లో దుక్క ఇనుము వచ్చేసరికి యుద్ధకాలపు ధరలు పడిపోయాయి. నష్టాలు, ఎగతాళి. ఆయనే పాలకమండలి అధ్యక్షుడై 1929 దాకా ఖర్చులు కోసి, కర్మాగారాన్ని ఒడ్డుకు చేర్చారు. నరికిన అడవి ఖరీదు మాత్రం ఆనాటి లెక్కల్లో ఎవరూ వేయలేదు.

1930లలో మోటారు కార్ల కర్మాగారం కోసం యూరప్, అమెరికా తిరిగి వచ్చారు, అది బెంగళూరుకు దక్కలేదు. ఆ ప్రయత్నంలో తోడున్న వాల్‌చంద్ హీరాచంద్ 1940లో ఇక్కడ విమాన కర్మాగారం పెట్టారు. నేటి హెచ్‌ఏఎల్ మూలం అదే.

నూరేళ్లు నిండాక, 1962 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. సొంతూళ్లోనే అంత్యక్రియలు జరిగాయి. కేఆర్ సర్కిల్ దగ్గర చేతిపనుల చదువులు చెప్పే పాలిటెక్నిక్ ఒకటి ఉంది, 1943లో మొదలైంది. భద్రావతి పనికి తనకు రావలసిన సొమ్మును ఆయన దానికే ఇప్పించారు. దానికి ఆయన పేరు పెడతామంటే వద్దని మహారాజు జయచామరాజేంద్ర పేరు పెట్టించారు. ఆ బోర్డు ముందు నుంచి మన పిల్లలు బస్సులో రోజూ వెళుతుంటారు.