సేఠ్ జమ్నాలాల్ బజాజ్

రాజస్థానమున సీకరు పట్టణమునకు సమీపమున కాశీకాబాస్ అను చిన్న గ్రామము కలదు. అచట 1889వ సంవత్సరము నవంబరు 4వ తేదీన ఒక సామాన్య మార్వాడీ కుటుంబమున జమ్నాలాల్ జన్మించెను. వార్ధా పట్టణమందలి గొప్ప వర్తకుడగు బచ్ఛరాజ్ సేఠ్ ఆ బాలుని తన మనుమనిగా దత్తత చేసికొనెను.

జమ్నాలాలునకు పదునేడేండ్ల ప్రాయమున ఇంట నొక కలహము సంభవించెను. ఒక వివాహమునకు వెడలునపుడు ఆభరణములు ధరింపుమని తాత ఆజ్ఞాపించెను. మనుమడు నిరాకరించెను. వృద్ధుడు కోపించి, తన సంపదను ఎత్తిచూపి కఠినముగా మాటలాడెను. జమ్నాలాల్ ఎదురు పలుకలేదు. ఆ ఆస్తిపై తనకెట్టి హక్కును వలదనియు, తాతగారిపై తనకు కోపము లేదనియు లేఖ వ్రాసియుంచి ఇల్లు విడిచి వెడలిపోయెను. తాత పశ్చాత్తాపము నొంది వానిని తిరిగి రప్పించెను. కొలదికాలమునకే ఆయన మరణింపగా ఆస్తి యంతయు జమ్నాలాలునకు సంక్రమించెను. కాని, ఒకసారి త్యజించిన ధనమును ఆతడు మరల తనదిగా తలంపలేదు; దానికి తాను ధర్మకర్తను మాత్రమే యని భావించెను.

ప్రత్తి వర్తకమును ఆతడు న్యాయమార్గమున నడపి వృద్ధి చేసెను. ప్రభుత్వము రాయబహదూరు బిరుదము నొసంగెను. 1920లో నాగపూరున కాంగ్రెసు మహాసభ జరిగినపుడు జమ్నాలాల్ ఆహ్వానసంఘాధ్యక్షుడయ్యెను. గాంధీమహాత్మునకు నలుగురు కుమారులు. తన్ను ఐదవ కుమారునిగా స్వీకరింపుమని ఆతడు వేడగా మహాత్ముడు సమ్మతించెను. మరుసటి యేట ఆతడు బిరుదమును విడనాడెను. చిరకాలము కాంగ్రెసు కోశాధికారిగా పనిచేసెను. 1923లో నాగపూరు జెండా సత్యాగ్రహమునను, 1930లో ఉప్పు సత్యాగ్రహమునను చెరసాల కేగెను.

వార్ధాలో తాత కట్టించిన లక్ష్మీనారాయణ మందిరము కలదు. 1928లో జమ్నాలాల్ దాని ద్వారములను హరిజనులకు తెరపించెను. పూర్వాచారపరులు తీవ్రముగా ప్రతిఘటించిరి. స్వజనుల యాగ్రహమునకు వెఱచి ఆతడు వెనుదీయలేదు.

1934లో గ్రామపరిశ్రమల సంఘమునకై వార్ధాలోని తన తోటను దానమిచ్చెను. 1936లో గాంధీజీ సమీపముననున్న సేగాఁవ్ గ్రామమున నివాస మేర్పఱచుకొనెను. అదియే పిదప సేవాగ్రామమని ప్రసిద్ధి కెక్కెను. 1939లో జయపురసంస్థాన ప్రజల హక్కులకై పోరాడి జమ్నాలాల్ మరల నిర్బంధింపబడెను. తుదిదినములలో గోసేవకు అంకితుడై, 1942 ఫిబ్రవరి 11వ తేదీన వార్ధాలో ఆకస్మికముగా పరమపదించెను.

ధనము నార్జించినవారు లోకమున పెక్కుమంది కలరు. ఆర్జించియు దానికి దాసులు గానివారు కొందరే. అట్టివారిలో జమ్నాలాల్ ఒకడు. పదునేడవ యేట వ్రాసిన ఆ లేఖకు ఆతడు కడవఱకు కట్టుబడియుండెను.