అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు

పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూరుల మీదుగా బల్లార్షాకు పోవు ధూమశకటమును మనము నిత్యము చూచుచున్నాము. ఈ దిక్కునకు రైలుమార్గము నుద్దేశించిన తొలిదినములలో, దాని వ్యయమునకు లెక్క యడిగి శిక్షనొందిన ఉపాధ్యాయుని చరిత్రము మనకు తెలిసియుండవలెను.

అఘోరనాథులవారు 1851లో వంగదేశమున జన్మించిరి. ఎడింబరోలో రసాయనశాస్త్రమభ్యసించి డాక్టరు పట్టమునొందిరి. 1878లో హైదరాబాదు చేరి, నిజాము కళాశాలకు మూలమైన విద్యాలయమును నెలకొల్పిరి. సరోజినీదేవి వీరి పుత్రిక.

1883లో నిజాము ప్రభుత్వము చాందా వరకు రైలుమార్గమును ఆంగ్లేయ కంపెనీచే వేయింపబూనెను. కంపెనీ మూలధనముపై వడ్డీకి ఖజానాయే పూచీ. ఖజానా నిండుట రైతు శిస్తువలన. లెక్కలడుగుటకు సంస్థానమున శాసనసభ లేదు. అందుచే అఘోరనాథులును, ముల్లా అబ్దుల్ ఖయ్యూముగారును, మరికొందరును ఒడంబడిక షరతులను ప్రజలకు వెల్లడింపవలెనని కోరిరి. వారు రైలును వలదనలేదు, వెల తెలుపుమనిరి. ప్రభుత్వ మాగ్రహించి, మే 20వ తేదీన అఘోరనాథులను ఉద్యోగమునుండి తప్పించి సంస్థానము వెడలగొట్టెను.

ఐదేండ్లకు, 1888లో, హైదరాబాదు దక్కను గనుల కంపెనీకిచ్చిన హక్కులనుగూర్చి ఆంగ్లేయ పార్లమెంటు సంఘమే విచారణ జరిపెను. గుత్తలను గుట్టుగా నీయరాదని అప్పుడు లోకమునకు తెలిసెను.

కొన్నియేండ్లకు అఘోరనాథులు మరల హైదరాబాదునకు పిలువబడి విద్యాసేవ సల్పిరి. 1915లో కలకత్తాలో దివంగతులైరి. కాజీపేట బల్లార్షా మార్గము 1929లో పూర్తియయ్యెను.

నేడు ప్రభుత్వవ్యయమును తనిఖీచేయుటకు కాగ్ అధికారియు, పార్లమెంటున ప్రజాపద్దుల సంఘమును గలవు. నాడు వీరికి గల బలము ధైర్యమొక్కటే. విద్యార్థులారా, ప్రజల సొమ్మునకు లెక్క యడుగుట ద్రోహము గాదు, ధర్మము.