కొయ్యకాలి విజేత జార్జి ఐజర్

జర్మనీ దేశపు ఉత్తర తీరమున కీల్ అను రేవుపట్టణము కలదు. అచ్చట 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన జార్జి ఐజర్ జన్మించెను. ఆతని పదునాలుగవ యేట ఆ కుటుంబము అమెరికాకు వలసపోయెను. ఐజర్ డెన్వరులోను, సెయింట్ లూయిస్ నగరములోను నివసించెను. కట్టడములు నిర్మించు సంస్థ యొకదానియందు జమాఖర్చులు వ్రాయు గుమాస్తాపని ఆతనికి జీవనాధారము.

ఆతనికొక ఘోరప్రమాదము సంభవించెను. రైలుబండి మీదుగా పోవుటచే ఎడమకాలిని తొలగింపవలసివచ్చెను. దానికి మారుగా కొయ్యకాలు అమర్చుకొనెను. అట్టివానికి లెక్కల పుస్తకములే శరణ్యమని లోకులు తలచుట సహజము. ఐజర్ అట్లు తలచలేదు.

ఆ కాలమున అమెరికాలో స్థిరపడిన జర్మనులు పట్టణములందు టర్నర్ సంఘములను పేర వ్యాయామశాలలు నెలకొల్పుకొనియుండిరి. 1811లో బెర్లిన్ నగరమున ఫ్రెడరిక్ లుడ్విగ్ యాన్ ఆరంభించిన సంప్రదాయమది. సెయింట్ లూయిస్ లోని కాంకోర్డియా సంఘమున ఐజర్ సభ్యుడయ్యెను. డబుల్ బారు, సింగిల్ బారు వంటి సాధనములపై కసరత్తు చేయునపుడు దేహభారమును మోయునవి చేతులు. పట్టువిడువని సాధనచే ఐజర్ తన బాహువులకు అసాధారణమైన బలమును చేకూర్చుకొనెను.

1904వ సంవత్సరమున మూడవ ఒలింపిక్ క్రీడలు ఆ నగరముననే జరిగెను. జూలై మాసమున జరిగిన సమగ్ర పోటీలో రెండు భాగములుండెను. మొదటిది సాధనములపై కసరత్తు. అందు ఐజర్ 10వ స్థానము పొందెను. రెండవది నూరు గజముల పరుగు, పొడుగుదూకుడు, ఇనుపగుండు విసరుట అను మూడంగముల పందెము. కొయ్యకాలితో ఎంత పరుగెత్తగలడు? ఆతనికి 118వ స్థానము మాత్రమే లభించెను. రెండును కలిపి లెక్కింపగా 71వ వాడయ్యెను.

ఈ ఫలితము చూచి మఱియొకడైనచో పోటీలనుండి తప్పుకొనియుండును. ఐజర్ అక్టోబరు మాసాంతమున మరల రంగమున నిలిచెను. ఈ పర్యాయము ఒక్కొక్క సాధనమునకు వేరువేరు పోటీ. డబుల్ బారుపై ఆతడు ప్రథముడయ్యెను. ఇరువదియైదడుగుల త్రాటిని ఏడు సెకండులలో ఎగబ్రాకి మఱియొక స్వర్ణపతకమును గెలిచెను. కొయ్యగుఱ్ఱమును దాటి దూకు పోటీయందు ఫిలడెల్ఫియా నివాసి ఆంటన్ హైడాతో సమానముగా నిలిచి స్వర్ణపతకమును పంచుకొనెను. పరుగెత్తివచ్చి దూకి నేలపై నిలువవలసిన ఆ పోటీలో చేతులబలమొక్కటే చాలదు. ఇవిగాక రెండు రజతపతకములు, ఒక కాంస్యపతకము లభించెను. ఈ ఆరును ఒక్కదినముననే గెలిచినవి!

దూరదేశములవారు ఆ క్రీడలకు విశేషముగా రాలేదు. ఆ దినమున పోటీ చేసినవారు అమెరికావారే. అయినను ఐజర్ ఘనతకు కొఱతలేదు. వారందఱు రెండు కాళ్లు గలవారు. అంగవైకల్యము గలవారికి వేరు పోటీలు నాడు లేవు. పారాలింపిక్ క్రీడలు రోము నగరమున మొదలగుటకు 1960వ సంవత్సరము రావలసియుండెను.

పతకములు వచ్చిన పిదపను ఐజర్ సాధన మానలేదు. 1908లో జర్మనీలోని ఫ్రాంక్ఫర్టునందును, 1909లో అమెరికాలోని సిన్సినాటియందును విజయము పొందిన కాంకోర్డియా జట్టులో ఆతడుండెను. 1919 మార్చి 6వ తేదీన డెన్వరు నగరమున, నలువదియెనిమిదేండ్ల ప్రాయమున మరణించెను.

బాలబాలికలారా! ఐజర్ గెలిచిన ఆరు పతకములతోపాటు ఆ 118వ స్థానమును కూడ జ్ఞప్తియందుంచుకొనుడు. జూలైలో వెనుకబడినవాడును, అక్టోబరులో ముందు నిలిచినవాడును ఒక్కడే. ఒక పందెములోని స్థానము ఆ పందెమునకే కొలత. మనుష్యునకు కొలత కాదు.