మెండలీఫ్ కొలతలు

అనకాపల్లి బెల్లానికి పేరుగన్న సీమ. చెరకు రసం నుండి పంచదార తీయగా మొలాసిస్ అనే మడ్డి మిగులుతుంది. దానిని పులియబెట్టి స్వేదనం చేస్తే ఇథనాల్ లభిస్తుంది. అందులో నీరెంత కలిసి ఉన్నదో కంటికి తెలియదు. సాంద్రతను కొలిచి తెలుసుకోవాలి. ఈ కొలతలకై ఎంతో శ్రమించినవాడు దిమిత్రి మెండలీఫ్. 1869లో ఆవర్తన పట్టికతో లోకప్రసిద్ధుడైన శాస్త్రజ్ఞుడాయన.

ఆయన 1834లో సైబీరియాలోని టొబోల్స్క్‌లో జన్మించాడు. తండ్రి చూపు కోల్పోగా, తల్లి మరియా గాజు కర్మాగారం నడిపి సంసారాన్ని ఈదింది. 1847లో భర్త మరణించాడు. మరుసటి ఏడు కర్మాగారం అగ్నికి ఆహుతయింది. అయినా ఆమె చిన్న కుమారుని చదువుకై సుదూర ప్రయాణానికి పూనుకొన్నది. మాస్కోలో ప్రవేశం దొరకలేదు. 1850లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కుమారుని విద్యాలయంలో చేర్చి, కొద్ది కాలానికే కన్నుమూసింది.

1865లో మెండలీఫ్ ఆల్కహాలు, నీటి కలయికపై డాక్టరేటు సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. 50 మిల్లీలీటర్ల ఇథనాల్‌కు 50 మిల్లీలీటర్ల నీరు కలిపితే 100 కాదు, సుమారు 96 మాత్రమే వస్తుంది. అణువులు ఒకదానికొకటి దగ్గరగా ఒదిగిపోవడమే ఇందుకు కారణం. కనుక సగటు లెక్కతో స్వచ్ఛతను నిర్ణయించరాదు. వేర్వేరు పాళ్ళలో, వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద సాంద్రతను తూచి చూడవలసిందే. ఆ శ్రమకు ఆయన ఓర్చాడు. వోడ్కాకు 40 శాతం నిర్ణయించినది ఆయనేనన్న ప్రచారం మాత్రం కట్టుకథ. హైడ్రోమీటరు చూపే అంకెను ఇథనాల్ శాతంగా మార్చుకోవడానికి ఇటువంటి కొలతల పట్టికలే ఆధారం.

జలద్రావణాల సాంద్రతపై 1887లో వెలువరించిన గ్రంథాన్ని మెండలీఫ్ తన తల్లి స్మృతికి అంకితమిచ్చాడు.