కందుకూరివారి యిల్లు

ఒక యిల్లు ఎవరిదని యడిగినచో దస్తావేజులు చూడుడని పెద్దలు చెప్పుదురు. కాని రాజమహేంద్రవరమున వంకాయలవారి వీథిలోనున్న యొక పాతయింటిని గూర్చి యీ ప్రశ్న వేసినచో దస్తావేజులు చాలవు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితమునే చెప్పవలసివచ్చును.

పంతులుగారి పూర్వులు కందుకూరునుండి గోదావరీతీరమునకు వలసవచ్చినవారు. ఆ యూరిపేరే వారి యింటిపేరయ్యెను. పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన ఆ యింట జన్మించిరి. నాటి హిందూధర్మశాస్త్రము ననుసరించి పిత్రార్జితమునందు మగబిడ్డకు పుట్టుకతోడనే హక్కు కలుగును. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి సుబ్బారాయుడుగారు గతించినను పిల్లవానికి ఇంటిపై హక్కు నిలిచెను. పెదతండ్రి వెంకటరత్నముగారు పెంచిరి. తల్లి పున్నమ్మగారి స్థితి వేరు. అవిభక్త కుటుంబములో విధవకు తిండికిని, నీడకును మాత్రమే హక్కు. ఇంటిలో భాగము లేదు. పంతులుగారు పుట్టినయింట చూచిన వితంతువులలో కన్నతల్లియు నొకరు.

పెద్దవారై ఉపాధ్యాయవృత్తి నవలంబించి, 1874లో ధవళేశ్వరమున వివేకవర్ధనీ పత్రికను, బాలికల పాఠశాలను నెలకొల్పిరి. పిమ్మట రాజమహేంద్రవరము చేరి, పండితులుగా పనిచేయుచు, వితంతు వివాహోద్యమమునకు నడుము కట్టిరి.

ఇచ్చట చట్టము సంగతి కొంత తెలిసికొనవలెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషివలన 1856లో వితంతు పునర్వివాహము చట్టసమ్మతమయ్యెను. కాని ఆ చట్టమే, మరల పెండ్లియాడిన స్త్రీకి మొదటి భర్త యాస్తిపై హక్కు పోవునని కూడ శాసించెను. మెట్టినయింటి హక్కు చట్టముచే పోవును. సంఘమునకు వెఱచి పుట్టినయిల్లు తలుపు మూయును. కావున వివాహము జరిపించుటతో పని తీరదు. ఆ దంపతులకు ఒక గడప కావలెను. పంతులుగారు తమ గడపనే యిచ్చిరి.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి ఆ యింటనే గోగులపాటి శ్రీరాములునకు, గౌరమ్మకు వివాహము జరిగెను. తెలుగునాట అట్టి వివాహములలో నదియే మొదటిది. అల్లరి జరుగునని పోలీసువారిని కావలి నుంచవలసివచ్చెను. విద్యార్థులు అండగా నిలిచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ఆ పిమ్మట వెలి మొదలయ్యెను. వంటవారు మానిరి, నీళ్లు మోయువారు రాకుండిరి. భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు తెచ్చి, వంటచేసి, ఆశ్రయము కోరివచ్చిన బాలవితంతువులను కన్నబిడ్డలవలె సాకిరి. దస్తావేజునం దామె పేరున్నను లేకున్నను, ఆ గడప నిలిచినది ఆమె చేతులమీదనే.

ఆ దంపతులకు సంతానము లేదు. ఇంటి కెవరు వారసులనునది నాటి లోకమున పెద్ద ప్రశ్నయే. దత్తుని తెచ్చుకొని యింటిపేరు నిలుపుకొనుట ఆచారము. పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు, 1919 మే 27వ తేదీన మద్రాసులో పంతులుగారు పరమపదించిరి.

స్త్రీకి తన యాస్తిపై సంపూర్ణాధికారమును 1956 నాటి హిందూ వారసత్వచట్టము ప్రసాదించెను. పంతులుగారు పోయిన ముప్పదియేడేండ్లకు గాని ఆ మాట చట్టమునకు ఎక్కలేదు. నేడా జన్మగృహము స్మారకమందిరమై యున్నది.

తాతతండ్రులవలన వచ్చిన యిల్లు పంతులుగారికి పుట్టుకతో దక్కినది. పుట్టుకవలనగాని పెండ్లివలనగాని ఏ యింటను చోటు దక్కనివారికి ఆయన దానిని తెఱచిరి. ఉపాధ్యాయులు రాజమహేంద్రవరమునకు విద్యార్థులను తీసికొనిపోయినపుడు గోదావరిని, వంతెనను చూపినట్లే ఆ గడపనుకూడ చూపవలెను. ఇల్లు ఎవరిదని పిల్లలడిగినచో, నీడలేక వచ్చిన ఆడబిడ్డలదని చెప్పినను తప్పు కాదు.