వలకు ఎదురు నడచిన వీరుడు: పాంచో గొంజాలెస్

టెన్నిస్ ఆటలో సర్వీసు చేసినవాడు వెనుక గీతకడనే నిలిచి బంతికై వేచియుండుట ఒక పద్ధతి. సర్వీసు వెంటనే వలకడకు పరుగిడి, ప్రత్యర్థి తిప్పికొట్టిన బంతిని నేల తాకకముందే కొట్టుట మరియొక పద్ధతి. దీనికి సర్వ్ అండ్ వాలీ అని పేరు. మొదటిదానియందు క్షేమమును, రెండవదానియందు సాహసమును కలవు. ముందునకు వచ్చినవాని ప్రక్కనుండి గాని, తలమీదుగా గాని బంతి దాటిపోయినచో ఇక చేయగలిగినది లేదు. ఇట్టి సాహసమునే తన ఆటకు ప్రాణముగా చేసికొన్నవారిలో అగ్రగణ్యుడు పాంచో గొంజాలెస్.

ఆతడు 1928 మే 9వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున, మెక్సికోనుండి వలసవచ్చిన సామాన్య కుటుంబములో జన్మించెను. పండ్రెండవ ఏట తల్లి కార్మెన్ 51 సెంట్లకు ఒక చౌక రాకెట్టును కొనియిచ్చెను. ధనికుల క్లబ్బులకును, శిక్షకులకును దూరమైన ఆ బాలుడు ప్రజోద్యానములోని కోర్టుల చెంత నిలిచి, ఇతరుల ఆటను చూచి నేర్చుకొనెను. ఆట ధ్యాసలో బడి మానివేయుటచే స్థానిక టెన్నిస్ అధికారులు ఆతనిని బాలుర పోటీలకు రానీయలేదు. కొంతకాలము నౌకాదళమున పనిచేసి వచ్చిన పిమ్మట, 1948లో, ఇరువదేండ్లకే ఆతడు అమెరికా జాతీయ విజేత అయ్యెను. మరుసటి ఏడు ఫైనలులో టెడ్ ష్రోడర్ చేతిలో మొదటి రెండు సెట్లను 16–18, 2–6గా కోల్పోయియు, తక్కిన మూడింటిని గెలిచి ఆ పదవిని నిలుపుకొనెను.

ఆరడుగులకు మించిన ఆ దేహమునుండి సర్వీసు శ్రమ తెలియనంత సులువుగా వెలువడెడిది. అయినను, ఈ పద్ధతిలో సర్వీసు పాయింటు గెలుచుటకు మాత్రమే కాదు. ముందునకు వచ్చుటకు కావలసిన క్షణములను సంపాదించుటకు గూడ. బంతిని కొంచెము ముందువైపునకు ఎగురవేసినచో, కొట్టిన ఊపే దేహమును కోర్టులోనికి కొనివచ్చును. ప్రత్యర్థి బంతిని కొట్టుచున్న లిప్తలో పాదములు రెండును సమముగా మోపి ఆగవలెను. ఆగనివాడు ప్రక్కకు మరలలేడు. మొదటి వాలీని లోతుగా పంపి ప్రత్యర్థిని వెనుకకు నెట్టవలెను. రెండవదానిని ఖాళీ చోటునకు పంపి ముగింపవలెను.

ఇంతటి నేర్పరికి విధి అనుకూలింపలేదు. 1949లో ఆతడు జీవనోపాధికై వృత్తి ఆటగాండ్ర బృందమున చేరెను. ఆనాడు వింబుల్డన్ వంటి పోటీలు వృత్తి ఆటగాండ్రకు నిషిద్ధములు. తొలి యాత్రలోనే జాక్ క్రేమర్ ఆతనిని ఘోరముగా ఓడించెను. తరువాత కొన్నేండ్లు తగిన అవకాశములు లేక ఆతడు మరుగునపడెను. కాని తిరిగి లేచి, అమెరికా వృత్తి ఆటగాండ్ర పోటీని ఎనిమిదిసార్లు గెలిచెను. 1958 నాటి యాత్రలో లూ హోడ్ 18–9తో ముందుండగా, తుదకు 51–36తో ఆతనిని మించెను. అయినను, వృత్తి ఆటగాడైన పిదప ఆతని యౌవనకాలమంతయు వింబుల్డన్ ద్వారములు మూసియే యుండెను. అవి 1968లో గాని తెరువబడలేదు.

1969లో నలువదియొక్క యేండ్ల గొంజాలెస్ అక్కడ ఇరువదియైదేండ్ల చార్లీ పాసరెల్‌ను ఎదుర్కొనెను. మొదటి సెట్టు 22–24గా పోయెను. చీకటి పడుచున్నదని, ఆట ఆపుమని కోరినను అధికారులు వినలేదు. కోపస్వభావుడగు గొంజాలెస్ రెండవ సెట్టును 1–6గా పోగొట్టుకొని, ప్రేక్షకుల నిరసన ధ్వనుల నడుమ వెడలిపోయెను. మరునాడు కోపము అణగెను, ఆట మిగిలెను. 16–14, 6–3తో సమానుడై, అయిదవ సెట్టులో రెండుమార్లు 0–40 స్థితికి దిగియు, మొత్తము ఏడు మ్యాచ్ పాయింట్లను కాచుకొని, 11–9తో గెలిచెను. 112 గేములు, 5 గంటల 12 నిమిషములు! ముందునాడు నిరసించిన ప్రేక్షకులే లేచినిలిచి కరతాళధ్వనులు చేసిరి.

1995 జూలై 3న, వింబుల్డన్ పోటీలు జరుగుచుండగనే, గొంజాలెస్ లాస్ వెగాస్ నగరమున కన్నుమూసెను. ఆతని కోపము గాని, బడి మానుట గాని అనుసరింపదగినవి కావు. ఓటమి మీదపడిన వేళ సయితము వెనుక గీతకడ దాగక, బంతి వెంట ముందునకు అడుగువేసిన ఆ ధైర్యమొక్కటియే విద్యార్థి నేర్వదగినది.