నేలమీద నగరాలు కట్టిన వెల్స్

హెచ్.జి. వెల్స్ అనగానే మనకు కాలయంత్రమూ, కుజగ్రహవాసుల దండయాత్రా గుర్తొస్తాయి. అంతటి రచయిత మోకాళ్ళమీద పాకుతూ కొడుకులతో బొమ్మలాటలు ఆడేవాడనీ, ఆ ఆటల మీద రెండు పుస్తకాలు రాశాడనీ మనలో చాలామందికి తెలియదు.

ఆయన 1866లో ఇంగ్లండులోని బ్రామ్లీలో పుట్టాడు. తండ్రిది పింగాణీ సామాన్ల కొట్టు. అది సరిగా సాగేది కాదు. పద్నాలుగేళ్ళు నిండకుండానే కుర్రాణ్ణి బట్టలకొట్లో పనికి పెట్టారు. అక్కణ్ణించి ఎలాగో బయటపడి, 1884లో స్కాలర్‌షిప్ మీద లండన్ సైన్సు కాలేజీలో చేరి హక్స్‌లీ మహాశయుడి దగ్గర జీవశాస్త్రం చదివాడు. విద్యార్థుల పత్రిక ఒకటి పెట్టింది కూడా అక్కడే. 1895 నాటి 'టైమ్ మెషీన్'కి తొలిరూపం 1888లో అచ్చయింది ఆ పత్రికలోనే. కాలేజీ పత్రికలంటే పెదవి విరిచే మిత్రులు ఈ సంగతి కాస్త గమనించాలి!

ఆయనకు 1901లో గిప్, 1903లో ఫ్రాంక్ పుట్టారు. వాళ్ళతో ఆడిన ఆటల గురించే 1911లో 'ఫ్లోర్ గేమ్స్' వచ్చింది. కావలసిన సరంజామా కొద్దిపాటిది: చెక్క ఇటుకలు, పలకలు, కీ ఇస్తే నడిచే రైలు, వేలెడంత సీసపు బొమ్మలు, చెట్లకి బదులు తోటలోంచి తెంచిన రెమ్మలు. ఒక ఆటలో నేలంతా సముద్రం, పలకలన్నీ దీవులు. ఓడలేసుకుని పోయి దీవుల్ని కనిపెట్టడం, అక్కడివాళ్ళని లొంగదీసి నాగరికత నేర్పడం. ఆ మాట వెల్స్ వెటకారంగానే అన్నాడు లెండి. అయినా దొరల దేశపు పిల్లల ఆట అలాగే ఉంటుంది మరి.

నాకు నచ్చింది రెండో ఆట, నగరాలు కట్టడం. అన్నదమ్ములిద్దరికీ మేయరు పదవే కావాలి. అందుకని ఎప్పుడూ జంట నగరాలే కట్టేవాళ్ళు. ఎవరి ఊరు వాళ్ళది, రైలు పట్టాలు మాత్రం ఉమ్మడి. ఎవరి రైలైనా అవతలివాడి ఊరిమీదుగా తిరిగి తన స్టేషనుకి అడ్డులేకుండా చేరేటట్టు పట్టాలు వెయ్యాలని చట్టం. గెలుపూ లేదు, ఓటమీ లేదు. నిజం చెప్పాలంటే, పెద్దల మునిసిపాలిటీల్లో కూడా ఇంత పొందిక కనబడదు. ఒక్కటే ఇబ్బంది: బొమ్మల కొట్లలో సిపాయిలు కావలసినంతమంది దొరుకుతారు, మామూలు మనుషులే దొరకరు. దాని మీద వెల్స్ గట్టిగానే సణిగాడు.

రెండేళ్ళకే, 1913లో, 'లిటిల్ వార్స్' వచ్చింది. స్నేహితుడు జెరోమ్ ఒకనాడు భోజనాలయ్యాక బొమ్మ ఫిరంగితో సిపాయిల్ని గురిచూసి కొట్టడంతో మొదలైందట ఆ ఆట. పెద్దవాళ్ళు దిగేసరికి లెక్కలూ, నిబంధనలూ, గెలుపోటములూ వచ్చిపడ్డాయి. అసలు యుద్ధం ఎంత తెలివితక్కువదో బొమ్మలతో ఆడితే తెలుస్తుందని ఆయన వాదన. మరుసటి ఏడే మహాయుద్ధం వచ్చింది. యుద్ధాల్ని అంతం చేసే యుద్ధమిదేనంటూ ఆయనే దాన్ని సమర్థించాడు. లోకం మెచ్చింది రెండో పుస్తకాన్నే కావచ్చు, నా ఓటు మాత్రం మొదటిదానికే.

అందరు పిల్లలకీ ఆ నేల దక్కలేదు. రెబెక్కా వెస్ట్‌కీ ఆయనకీ పుట్టిన ఆంథొనీ, సరిగ్గా బ్రిటన్ యుద్ధంలో దిగిన 1914 ఆగస్టు 4న పుట్టినవాడు, ఆ ఇంట్లో పెరగలేదు.

మొదటి పుస్తకం మరో దారి పట్టింది. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరమ్మ దాన్ని గుర్తుపెట్టుకుని, 1928లో లండన్‌లో పిల్లల క్లినిక్ తెరిచినప్పుడు చిన్న చిన్న బొమ్మలు పోగుచేసి పెట్టింది. తర్వాత ఇసుక తొట్లు కూడా చేరాయి. మనసు నలిగిన పిల్లలు, నోటితో చెప్పలేనిది ఆ ఇసుకలో పేర్చి చూపేవారు. దానికి 'ప్రపంచం' అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లలే.

గిప్ జంతుశాస్త్రజ్ఞుడయ్యాడు. తండ్రితోనూ, హక్స్‌లీగారి మనవడు జూలియన్‌తోనూ కలిసి 'సైన్స్ ఆఫ్ లైఫ్' అనే పెద్ద గ్రంథం రాశాడు. ఫ్రాంక్ సినిమాల్లోకి వెళ్ళాడు. వెల్స్ 1946 ఆగస్టు 13న లండన్‌లో కన్నుమూశాడు.